ఎడమ చేతి అయిదు వేళ్ళు

స్టాంపు ప్యాడు సిరా ఊదారంగులో ఉంటుంది. సర్వీసు రిజిస్టరులో వేలిముద్రలకు మాత్రం నల్లసిరాయే వాడాలని మా సూపరింటెండెంటు గారి పట్టు. ఊదా అయితే ఇరవై ఏళ్ళకు వెలిసిపోతుంది, మాస్టారి ఉద్యోగం ముప్ఫై అయిదేళ్ళుంటుంది, ఆయన రిటైరయ్యే రోజుకు కూడా ముద్ర కనబడాలి అనేవారు. అందుకని నా సొరుగులో ఒక నల్లసిరా ప్యాడు, పాత పంచె చింపిన పీలికలు, చిన్న సీసాలో కిరసనాయిలు ఎప్పుడూ ఉండేవి. ముద్రలు వేయించడం, అయ్యాక కిరసనాయిలుతో తడిపిన పీలిక వాళ్ళ చేతికివ్వడం నా ఉద్యోగంలో భాగం.

1989 డీఎస్సీలో టీచర్లుగా ఎంపికైనవాళ్ళలో పదకొండు మంది మా మండలానికి వచ్చారు. డీఈఓ ఆఫీసు ఇచ్చిన ఆర్డరు నాలుగు మడతలు పెట్టి జేబుల్లో, సంచుల్లో దాచుకుని పొద్దున్నే వచ్చి మా వరండాలో నిలబడ్డారు. వాళ్ళలో ఒకమ్మాయి వెంట వాళ్ళ నాన్న వచ్చాడు. భుజం మీద తువ్వాలు, కాళ్ళకు చెప్పుల్లేవు, గుమ్మం దాటి లోపలికి రానన్నాడు. నేను కొత్త రిజిస్టరు తెరిచి మొదటి పేజీ నింపాను. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టినతేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, ఎత్తు, పుట్టుమచ్చలు. ఆ పేజీ కింద వరసగా అయిదు గళ్ళుంటాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు, బొటనవేలు, అన్నీ ఎడమచేతివే. ప్యాడు ముందుకు జరిపి, "ఎడమ చెయ్యి ఇలా పెట్టండమ్మా" అన్నాను.

గుమ్మం దగ్గర్నుంచి ఆయన గొంతు వినిపించింది. "బాబూ, మా అమ్మాయికి సంతకం వచ్చు."

నేను తల ఎత్తి చూశాను. ఆయన ముఖంలో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది. వేలిముద్ర అంటే ఆయన ఎరిగినది నిశానీ ఒక్కటే. షావుకారు దగ్గర నోటు మీద వేసేది, సొసైటీ అప్పు కాగితం మీద వేసేది, చదువు రానివాడు వేసేది. కూలి చేసి కూతుర్ని టీచర్ ట్రైనింగు దాకా చదివించినది ఆ నిశానీ తనతోనే ఆగిపోవాలని. తీరా ఉద్యోగంలో చేరే మొదటి రోజున ఒక్క వేలు కాదు, అయిదు వేళ్ళూ ముంచమంటున్నాడు గుమాస్తా.

లేచి వెళ్ళి ఆయన్ని లోపలికి తీసుకొచ్చాను. బీరువాలోంచి నా సర్వీసు రిజిస్టరే తీసి మొదటి పేజీ చూపించాను. "ఇవి నా వేళ్ళేనండి. నాకూ సంతకం వచ్చు. చేరిన ప్రతివాళ్ళవీ తీసుకుంటారు, రేపు ఇంకొకళ్ళు వచ్చి నేనే ఈవిణ్ణి అనకుండా" అన్నాను. ఆయన వంగి చాలాసేపు చూశాడు. తర్వాత కూతురితో, "వెయ్యమ్మా" అన్నాడు.

సర్వీసు రిజిస్టర్లు చూసే ఈ పనిని ఇప్పుడు మానవ వనరుల విభాగం పని అంటున్నారు. మేం ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు అనేవాళ్ళం. ఇంకా చనువుగా అయితే 'టీచర్ల సీటు'. నేను జిల్లా పరిషత్తు యాజమాన్యంలో జూనియర్ అసిస్టెంటుగా 1987లో చేరాను. మొదటి పోస్టింగు ఒక మండల పరిషత్తు ఆఫీసు. మండలాలు అప్పుడే పుట్టాయి. అంతకు ముందు పంచాయతీ సమితులు ఉండేవి, ప్రాథమిక పాఠశాలలు వాటి కింద నడిచేవి. ఒక్కో సమితి మూడు నాలుగు మండలాలుగా విడిపోయినప్పుడు బల్లలూ కుర్చీలతో పాటు టీచర్లనూ పంచారు. అంటే వాళ్ళ సర్వీసు రిజిస్టర్లను పంచారు. నేను చేరేనాటికి అవి మా ఆఫీసు మూల గదిలో గోనె సంచుల్లో ఉన్నాయి. 138 రిజిస్టర్లు. ఏ ఊరి బడి మాస్టారిది ఏ సంచిలో ఉందో ఎవరికీ తెలియదు.

మొదటి రెండు నెలలూ నా పని ఆ సంచులు విప్పడమే. కొన్నిటికి అట్టలు లేవు. కొన్ని ఎలుకలు కొట్టినవి. కొన్నిటిలో ఆఖరి పేజీల్లో ఉండే సెలవుల లెక్క ఊడిపోయి ఇంకొకరి రిజిస్టరులో దూరింది. సూపరింటెండెంటు గారు నాకో దబ్బనం, పురికొస ఉండ, గంజి డబ్బా ఇచ్చి కూర్చోబెట్టారు. "రాయడం తర్వాత నేర్చుకుందువుగాని, ముందు కుట్టడం నేర్చుకో" అన్నారు. అలా కుడుతూ కుడుతూ చదివాను. 1950ల్లో జిల్లా బోర్డు బడుల్లో చేరినవారి రిజిస్టర్లు కూడా వాటిలో ఉండేవి. గుండ్రటి చేతిరాత, పాళీ కలంతో రాసిన ఎంట్రీలు. ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి బదిలీ, వేసవి సెలవుల తర్వాత చేరిక, కలరా టీకాల డ్యూటీ, ఎన్నికల డ్యూటీ, జనాభా లెక్కల డ్యూటీ, ప్రసూతి సెలవు, మళ్ళీ ప్రసూతి సెలవు, అర్ధ జీతం సెలవు. ఒక మాస్టారి రిజిస్టరులో వరసగా ఏడేళ్ళు ఒక్క సెలవు లేదు. ఎనిమిదో ఏట నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో ఏం జరిగిందో అక్కడ రాసి ఉండదు. కానీ చదివేవాడికి ఏదో జరిగిందని తెలుస్తుంది.

టీచర్లను నేను మనుషులుగా ఎరగకముందే కాగితాల మీద ఎరిగాను. ఎవరైనా మాస్టారు మొదటిసారి మా ఆఫీసుకొచ్చి పేరు చెప్పగానే ఆయన పుట్టినతేదీ, ఇంక్రిమెంటు నెల, కుడి చెంప మీద పుట్టుమచ్చ నా కళ్ళ ముందు ఆడేవి. అప్రయత్నంగా ఆ మచ్చ కోసం చూసేవాణ్ణి.

రిజిస్టరు రాయడానికి ఒక కట్టుబాటు ఉండేది. కొట్టివేత ఉంటే ఒకే గీత గీయాలి, కింద ఉన్న అక్షరం కనబడాలి, పక్కన అధికారి పొట్టి సంతకం ఉండాలి. దిద్దడం, బ్లేడుతో గీకడం మహాపరాధం. ఏడాదికొకసారి జీతాల బిల్లులతో సరిచూసి 'సర్వీసు వెరిఫై చేయబడినది' అని రాయాలి. ఆ ఒక్క వాక్యం లేని సంవత్సరం పింఛను లెక్కలో వేలాడుతుంది. మొదటి పేజీని అయిదేళ్ళకొకసారి మళ్ళీ ధ్రువీకరించాలి. వేలిముద్రలు మాత్రం మళ్ళీ తీసుకోనక్కర్లేదు. వయసుతో ముఖం మారుతుంది, సంతకం మారుతుంది, అవి మారవు.

అన్నిటికన్నా భయపెట్టేది పుట్టినతేదీ. 1983లో ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. తర్వాత మళ్ళీ 58 చేశారు. ఆ మధ్యలో ఒక్కసారిగా దిగిపోయినవారి కాగితాలు నేను చేరేనాటికి కూడా పూర్తిగా తెమలలేదు. ఒక పెద్దాయన నెలకోసారి వచ్చేవారు, ఉతికిన పంచె, చేతిలో గొడుగు. "నా ఫైలు కదిలిందా బాబూ?" అని అడిగి, బెంచీ మీద కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు. పుట్టినతేదీ అంటే వట్టి తేదీ కాదని, ఇంటి అద్దె, ఆడపిల్ల పెళ్ళి, కొడుకు చదువు అన్నీ దాని మీదే నిలబడతాయని ఆయన్ని చూశాక అర్థమైంది. వయసు తగ్గించిన మరుసటేడు, 1984లో, పుట్టినతేదీ నమోదు గురించీ మార్పుల గురించీ ప్రత్యేకంగా నిబంధనలే తెచ్చారు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నదే తేదీ, ఒకసారి ఎక్కాక మార్పు లేదు. అందుకే నేను ఆ గడి నింపే ముందు సర్టిఫికెట్ పైకి చదివేవాణ్ణి. ఎదురుగా ఉన్నవాళ్ళు ఔనన్నాకే రాసేవాణ్ణి.

జీతాల రోజు గురించి చెప్పకపోతే ఆ కాలం గురించి చెప్పినట్టే కాదు. బిల్లు సబ్ ట్రెజరీలో పాసై, బ్యాంకు నుంచి డబ్బు వచ్చేసరికి ఒక్కోసారి పదో తారీఖు దాటేది. ఆ రోజు మధ్యాహ్నానికి మా ఆఫీసు చుట్టూ వేపచెట్ల కింద సైకిళ్ళు బారులు తీరేవి. ఏకోపాధ్యాయ పాఠశాల మాస్టార్లు సాయంత్రం బడి వదిలాకే వచ్చేవారు. బడి మూయడానికి వాళ్ళకు మనసొప్పేది కాదు. క్యాషియరు నోట్ల కట్టలు విప్పి లెక్కపెట్టేవాడు. నేను అక్విటెన్సు రోలు పట్టుకుని ఒక్కొక్క పేరే పిలిచేవాణ్ణి. రెవెన్యూ స్టాంపు నాలుకతో తడిపి అంటించి, దాని మీద అడ్డంగా సంతకం. తీసుకున్న డబ్బు అక్కడికక్కడే మూడు నాలుగు భాగాలుగా మడిచి వేరువేరు జేబుల్లో పెట్టుకునేవారు. ఒక జేబు కిరాణా కొట్టుది, ఒకటి చిట్టీది, ఒకటి ఇంటిది. చీకటి పడ్డాక లాంతరు వెలుగులో కూడా పంచిన రోజులున్నాయి. ఆ రోజే పలకరింపులు, పెళ్ళి శుభలేఖలు, ఎవరి బడిలో పైకప్పు కారుతోందో ఆ కబుర్లు. యూనియన్ల వాళ్ళు చందా రసీదు పుస్తకాలతో వచ్చేవారు. వాళ్ళలో వాళ్ళకు ఎన్ని తగాదాలున్నా, కొత్త జీవో ఒకటి వచ్చిందంటే అందరూ నా బల్ల చుట్టూ చేరి ఒకే కాగితం మీద వంగేవారు.

జీవోలంటే గుర్తొచ్చింది. యూటీఎఫ్, ఎస్టీయూ, ఏపీటీఎఫ్ వంటి టీచర్ల సంఘాలు ప్రతి జనవరికీ డైరీలు వేసేవి. వాటి మొదటి సగంలో సెలవులు, స్కేళ్ళు, ఫిక్సేషన్లు, ఫండు రూల్సు క్రోడీకరించి ఉండేవి. ప్రభుత్వ పుస్తకాలు మా ఆఫీసు దాకా చేరేవి కావు. నేను ఈ పని నేర్చుకున్నది సగం సూపరింటెండెంటు గారి దగ్గర, సగం ఆ డైరీల్లో. ఏ గుమాస్తా అయినా ఈ మాట ఒప్పుకోవాలి.

1993 పే రివిజన్ నాకు బాగా గుర్తు. కొత్త స్కేళ్ళు లెక్కకు 1992 జూలై 1 నుంచి, డబ్బు చేతికొచ్చేది 1994 ఏప్రిల్ 1 నుంచి. ప్రతి టీచరూ ఆప్షను ఇవ్వాలి. జూలైలోనే కొత్త స్కేలులోకి రావాలా, లేక పాత స్కేలులో ఇంకో ఇంక్రిమెంటు తీసుకుని ఆ తేదీన రావాలా? తప్పు ఆప్షను ఇస్తే నష్టం ఒక నెలది కాదు, ఉద్యోగం పొడుగునా వెంటాడుతుంది. మండలంలోని టీచర్లందరికీ రెండు పద్ధతుల్లోనూ లెక్క కట్టి చూపిద్దామని కూర్చున్నాను. అలా చేయమని ఎవరూ నాకు చెప్పలేదు. రాత్రి తొమ్మిదిదాకా ఆఫీసులోనే. అటెండరు బాబాయి పొయ్యి వెలిగించి టీ పెట్టేవాడు. కార్బన్ పేపర్లు పెట్టి రాసి రాసి చూపుడు వేలు వంకరపోయినట్టుండేది. ఆ ఆప్షన్లలో ఒక్కటీ తర్వాత తిరగరాయాల్సి రాలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

అదే చేతులతో చేసిన తప్పు కూడా చెప్పాలి.

ఒక మాస్టారికి క్షయ వచ్చింది. ఉన్న సెలవులన్నీ అయిపోయి నాలుగు నెలలు జీతం లేని సెలవు పెట్టారు. జీతం లేని సెలవు పెడితే ఇంక్రిమెంటు తేదీ ఆ మేరకు వెనక్కి జరుగుతుంది. ఆయన ఇంక్రిమెంటు ఆగస్టు నుంచి డిసెంబరుకు పోయింది. కానీ జబ్బు కారణంగా పెట్టిన సెలవును ఇంక్రిమెంటుకు లెక్కలోకి తీసుకోవచ్చని ఫండమెంటల్ రూల్సులో ఉంది, పై అధికారుల ఉత్తర్వు ఉండాలి. నేనే అర్జీ రాయించాను, నేనే పంపాను. ఏడాదిన్నరకు ఉత్తర్వు వచ్చింది. అది వచ్చిన వారంలోనే నాకు జిల్లా పరిషత్తు ఆఫీసుకు బదిలీ అయింది. కాగితాన్ని ఫైల్లో పెట్టాను. రిజిస్టరులో ఎక్కించలేదు.

పదకొండేళ్ళ తర్వాత ఆయన పింఛను కాగితాలు తయారుచేస్తున్న కుర్రాడు ఆ ఫైలు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. "ఇది మీ చేతిరాతే కదండీ" అన్నాడు. పదకొండేళ్ళు, ప్రతి ఏడూ నాలుగు నెలల పాటు ఆయనకు ఒక ఇంక్రిమెంటు తక్కువ పడింది. సంవత్సరాల వారీగా లెక్కలు కట్టి, బకాయి బిల్లు చేసి, వెంటపడి మంజూరు చేయించాను. డబ్బు ఆయన రిటైరైన మరుసటేడు అందింది. క్షమించమని అడగడానికి వాళ్ళింటికి వెళ్ళాను. "ఒక్కసారి కూడా అడగలేదేం మాస్టారూ?" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశారు. "మీరు రాశారు కదా బాబూ. మీరు రాస్తే సరిగ్గానే ఉంటుందనుకున్నాను" అన్నారు. వాళ్ళావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ మజ్జిగ గొంతు దిగడం చాలా కష్టమైంది.

ఆ తర్వాత నా సీటులో ఏ ఉత్తర్వు వచ్చినా ముందు రిజిస్టరులో ఎక్కించి, పేజీ నంబరు ఉత్తర్వు మూల మీద రాసి, అప్పుడే ఫైల్లో పెట్టేవాణ్ణి. నా కింద చేరిన ప్రతి జూనియరుకూ మొదట ఇదే చెప్పాను. రెండోది నామినేషను. పెళ్ళికి ముందు చేరిన కుర్రాళ్ళు అమ్మ పేరో నాన్న పేరో రాస్తారు. పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు, ఆ కాగితం అలాగే ఉండిపోతుంది. మనిషి హఠాత్తుగా పోయాక, అత్తా కోడలూ చెరొక బెంచీ మీద కూర్చుని ఏడవడం నేను కళ్ళారా చూశాను. అప్పట్నుంచి పెళ్ళి శుభలేఖ ఇచ్చిన ప్రతి టీచరుకూ ఆ నెల జీతంతో పాటు నామినేషను ఫారం చేతిలో పెట్టేవాణ్ణి. కొందరు ఆ మాట అశుభమనుకున్నారు. అయినా మానలేదు.

బదిలీల విషయంలో పాత పద్ధతి పోవడమే మంచిదైంది. కౌన్సెలింగు రాకముందు జూన్ నెల వస్తే సిఫారసు ఉత్తరాల వరద. ఎవరి వెనుక ఎవరున్నారో వాళ్ళకే రోడ్డు పక్క బడి. ఎవరూ లేనివాళ్ళు ఏరు దాటి, గట్లెక్కి ఏళ్ళ తరబడి వెళ్ళేవారు. 1990ల చివర్లో కౌన్సెలింగు మొదలయ్యాక నన్ను డిప్యుటేషన్ మీద జిల్లా కేంద్రానికి వేశారు. ఒక హైస్కూలు హాల్లో ఖాళీల జాబితా నల్లబల్ల మీద రాశాం. సీనియారిటీ వరసన పేరు పిలవడం, వాళ్ళు వచ్చి కోరుకోవడం, కోరుకున్న ఊరిని నేను తడిగుడ్డతో తుడవడం. పద్నాలుగేళ్ళు ఒక్క కొండవాలు బడిలోనే పనిచేసిన ఒకామె తన పేరు పిలవగానే బల్ల ముందు నిలబడి, ఊళ్ళ పేర్లన్నీ పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. వెనకవాళ్ళు తొందరపెడుతున్నా కదల్లేదు. ఆమెను చదువుకోనీ అని మా అధికారి సైగ చేశారు.

ఆ తర్వాత అన్నీ ఒకదాని వెంట ఒకటి మారాయి. టీచర్ల జీతాలు మండల పరిషత్తు నుంచి మండల విద్యాధికారి (ఎంఈఓ) చేతికి వెళ్ళాయి, వాటితో పాటు రిజిస్టర్లూ వెళ్ళాయి. జీతాలు బ్యాంకు ఖాతాల్లో పడడంతో చెట్ల కింద సైకిళ్ళు మాయమయ్యాయి. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పింఛను లేదు, కాంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్) వచ్చింది. వాళ్ళ రిజిస్టర్లు తెరిచి చూస్తే అదే మొదటి పేజీ, అవే అయిదు గళ్ళు, కానీ చివరికి చేరే గమ్యం వేరు. ఉద్యోగుల వివరాలకు కంప్యూటర్లో హెచ్చార్ఎంఎస్ వచ్చింది. 2018లో బిల్లులకు సీఎఫ్ఎంఎస్ వచ్చింది. ఇంక్రిమెంటు నెల కంప్యూటరే గుర్తుపెట్టుకుంటోంది. నాలాంటివాడు ఒక కాగితం మరిచిపోయి ఒకరి పదకొండేళ్ళు పాడుచేసే అవకాశం తగ్గింది. అందుకు నిజంగా సంతోషిస్తాను. ఒక సంతకం కోసం టీచర్లు మా బల్లల ముందు నిలబడి, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనే మాట కోసం చూసిన రోజులు తిరిగి రావాలని కోరుకోను. కొన్ని బల్లల దగ్గర వాళ్ళు ఎంత అవమానపడ్డారో నాకు తెలుసు.

కానీ ఒక మాస్టారి రిజిస్టరును మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్క బిగిన చదివిన మనిషి ఇప్పుడు ఏ ఆఫీసులో ఉన్నాడు? వరసగా ఏడేళ్ళు సెలవు పెట్టని మనిషి ఎనిమిదో ఏట నాలుగు నెలలు పెడితే, ఏమైంది మాస్టారూ అని అడిగేదెవరు? తెర మీద ఆ నాలుగు నెలలూ ఒక గడిలో ఒక అంకె. ఆ గడి పక్క గడితో మాట్లాడదు.

నా చివరి పోస్టింగు మళ్ళీ మండల పరిషత్తులోనే, సూపరింటెండెంటుగా. మా ఆవరణలోనే ఎంఈఓ ఆఫీసు. పాత రిజిస్టర్లన్నీ స్కాన్ చేసి ఈ-ఎస్ఆర్‌లో ఎక్కించే పని అప్పుడు నడుస్తోంది. కంప్యూటరు దగ్గర కూర్చున్న కుర్రాడు పేజీ సరిగ్గా పడడం లేదని రిజిస్టర్ల కుట్లు విప్పుతున్నాడు. పురికొస ముక్కలు నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటిలో కొన్ని నేను వేసిన ముళ్ళు. చూస్తే నాకు తెలుస్తుంది, రెండు చుట్లు తిప్పి వేస్తాను.

ఆ మధ్యాహ్నం తన రిజిస్టరు సరిచూసుకోవడానికి ఒకావిడ వచ్చారు. జుట్టు నెరిసింది, కళ్ళజోడు. ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టరుగా ఉన్నారు. నన్ను ఆవిడే గుర్తుపట్టారు. "కిరసనాయిలు గుడ్డ మీరే ఇచ్చారండి" అన్నారు. అప్పటికి గాని నాకు ఆ గుమ్మం, ఆ భుజం మీది తువ్వాలు గుర్తు రాలేదు. నాన్నగారు ఎలా ఉన్నారని అడిగాను. పోయి తొమ్మిదేళ్ళయిందన్నారు.

కుర్రాడు ఆవిడ రిజిస్టరు మొదటి పేజీ స్కానరు మీద బోర్లించబోతూ ఆగాడు. "మేడం, బడిలో హాజరు మిషను మీ వేలు తీసుకోవడం లేదని రాశారు కదా, ఇప్పుడైనా తీసుకుంటోందా?" అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ముప్ఫై ఏళ్ళ సుద్దముక్క, ఇంటి చాకిరీ, బొటనవేలి గీతలు అరిగిపోయాయి. కొన్ని రోజులు పది సార్లు పెట్టినా ఎర్రదీపమేనట, పిల్లలు చూస్తూ ఉంటారట.

నేను ఆ పేజీ కుర్రాడి చేతిలోంచి తీసుకుని బల్ల మీద పరిచాను. నల్లసిరా చెక్కు చెదరలేదు. చిటికెన వేలి నుంచి బొటనవేలి దాకా గీతగీతా కనబడుతోంది. ఆవిడ ఎడమచెయ్యి చాచి, ఒక్కొక్క వేలూ ఒక్కొక్క గడి పైన, కాగితానికి తగలకుండా ఆనించీ ఆనించనట్టు పెట్టి చూసుకున్నారు.

"వెయ్యమ్మా అన్నారు మా నాన్న" అన్నారు.

కుర్రాడు ఎదురుచూస్తున్నాడు. ఆవిడ చెయ్యి తీశాక పేజీ ఇచ్చాను. స్కానరు వెలుతురు ఆ అయిదు గళ్ళ మీదుగా పాకి అవతలికి పోయింది.